బ్రేక్ ఆయిల్ ఇంట్లోనే మార్చి గాలి తీయొచ్చా? (2013 వ్యాగనార్, ఏబీఎస్ లేదు)

ఉప్పుగాలి (రాజోలు దగ్గర) అడిగారు:

అందరికీ నమస్కారమండి. మాది రాజోలుకు దిగువన, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. నాన్నగారు వాడిన 2013 వ్యాగనార్ ఇప్పుడు నేను నడుపుతున్నాను. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. బండి పెద్దగా తిరగదు. రాజోలు బజారు, చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు, పెళ్ళిళ్ళకి అమలాపురం, అంతే.

ఈమధ్య బానెట్ ఎత్తి చూస్తే బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఉన్నది కాఫీ డికాక్షన్ రంగుకి వచ్చేసింది. నాన్నగారిని అడిగితే లైనర్లు వేయించాను గానీ ఆయిల్ మార్పించినట్టు గుర్తు లేదన్నారు. ఇక్కడి మెకానిక్ పెడల్ తొక్కి చూసి, "బ్రేకు బాగా పడుతోంది కదండీ, అనవసరంగా కదపకండి, గాలి పట్టిందంటే తిప్పలు" అన్నాడు. పెడల్ నిజంగానే గట్టిగా ఉంది.

కార్తీకంలో ఇంటిల్లిపాదీ మారేడుమిల్లి వెళ్ళి, అక్కడి నుంచి ఘాట్ దిగి చింతూరు మీదుగా భద్రాచలం వెళ్దామనుకుంటున్నాం. అమ్మ, పిల్లలు ఉంటారు. అందుకే ఈ ఆయిల్ చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

నేనూ మా బావమరిదీ కలిసి ఇంట్లోనే మారుద్దామనుకుంటున్నాం. చక్రాలు విప్పడం, ఇంజన్ ఆయిల్ మార్చడం మాకు అలవాటే. బ్రేకుల జోలికి మాత్రం ఎప్పుడూ వెళ్ళలేదు. పెడల్ బాగున్నప్పుడు అసలు మార్చాలా? బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 3 పోయాలా, డాట్ 4 పోయాలా? గాలి పట్టకుండా ఎలా చేయాలి? చేసినవాళ్ళు వివరంగా చెప్పండి. వీడియోల్లో ఒక్కొక్కరూ ఒక్కోలా చెబుతున్నారు.

చేపలచెరువు (భీమవరం) జవాబు:

మార్చండి, అంత కష్టమేం కాదు. నేనైతే నిపుళ్ళ (చక్రాల దగ్గర ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మరలు) దాకా వెళ్ళను. మెడికల్ షాపులో పెద్ద సిరంజి కొని, పైన డబ్బాలో ఆయిల్ లాగేసి కొత్తది పోస్తాను. కొన్నాళ్ళు తిరిగాక మళ్ళీ అలాగే. నాలుగు విడతలు చేస్తే లోపలిది కూడా కలిసిపోయి రంగు మారుతుంది. గాలి పట్టే భయం ఉండదు.

తణుకు_షెడ్డు జవాబు:

ఉప్పుగాలి గారూ, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. పాలకొల్లులో మా మేనమామగారి షెడ్డులో అంబాసిడర్లకి, జీపులకి బ్రేకులు కడుతూ పని నేర్చుకున్నాను. ఇప్పుడు తణుకులో నాకే చిన్న షెడ్డు ఉంది. బ్రేకుల విషయంలో సగం చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం ఉండదు.

ముందు పెడల్ గట్టిగా ఉందన్న మాట. ఆయిల్‌లో నీరు చేరినా చల్లగా ఉన్నంతసేపు పెడల్ గట్టిగానే ఉంటుంది. నీళ్ళయినా ఆయిలైనా నొక్కితే కుంచించుకుపోయేవి కావు కాబట్టి మీ కాలికి తేడా తెలియదు. వేడెక్కినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. అదే ఆయిల్‌కి 3.7 శాతం నీరు పట్టాక 140 డిగ్రీలు తట్టుకుంటే చాలంటారు. డాట్ 4కి ఆ లెక్క 230, 155. ఘాట్ దిగుతూ కాలు పెడల్ మీదే పెట్టుకున్నవాళ్ళ డిస్కులు ఎంత కాలతాయో ఒకసారి దగ్గరికి వెళ్ళి చూస్తే తెలుస్తుంది. ఆ వేడి ప్యాడ్ల లోంచి, వాటిని డిస్కుకి నొక్కే క్యాలిపర్‌లో ఉన్న ఆయిల్‌కి ఎక్కుతుంది. నీరున్న ఆయిల్ మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరి నొక్కితే నలుగుతుంది. అప్పుడు పెడల్ నేలకి తగులుతుంది, బండి ఆగదు.

మన డెల్టా వాళ్ళకి ఇది ఎందుకు తెలియదంటే మనకి దిగడానికి కొండలు లేవు. ధవళేశ్వరం ఆనకట్ట దిగువన ఇటు నరసాపురం, అటు అంతర్వేది దాకా నేలంతా చదునే. వంతెన ఎక్కి దిగడమే మనకి ఎత్తూ పల్లమూ. కాలవ గట్టు మీద గేదెలు అడ్డొచ్చినప్పుడు ఒక్క తొక్కు తొక్కుతాం, బ్రేకు వేడెక్కేలోపే చల్లారిపోతుంది. ఎంత పాడైన ఆయిల్ అయినా ఇక్కడ ఏళ్ళ తరబడి నడిచిపోతుంది. అదే బండి, అదే ఆయిల్ రంపచోడవరం దాటి కొండల్లోకి వెళ్తే పరిస్థితి వేరు. మీ మెకానిక్ అబద్ధం చెప్పలేదు, రాజోలులో తిరిగినంత కాలం అతని మాట నిజమే. మీరు వెళ్ళేది రాజోలు కాదు.

బండి తిరగలేదు కదా అనుకోవద్దు. ఈ ఆయిల్ గాలిలోని తేమని పీలుస్తుంది, దాని గుణమే అంత. డబ్బా మూత దగ్గర నుంచి, చక్రాల దగ్గరుండే రబ్బరు హోసుల్లోంచి కూడా తేమ లోపలికి దిగుతుంది. షెడ్డులో నిలబెట్టి ఉంచిన బండికీ ఇది తప్పదు. కిలోమీటర్లు చూడొద్దు, ఏళ్ళు చూడండి. చాలా కంపెనీలు రెండేళ్ళకోసారి మార్చమంటాయి. సముద్రపు పక్కన ఉండేవాళ్ళు అది దాటనివ్వకూడదని నా అభిప్రాయం. రంగుని మాత్రం పూర్తిగా నమ్మకండి. రబ్బరు అరుగుదల వల్ల, వేడి వల్ల కూడా నల్లబడుతుంది. లేత పసుపులో ఉన్నదాంట్లో కూడా నీరు ఉండొచ్చు. మీదైతే ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తు లేదు కాబట్టి ఆలోచించేదేమీ లేదు, మార్చడమే.

భీమవరం తమ్ముడూ, సిరంజి పద్ధతి గురించి. ఇంజన్ ఆయిల్‌లాగా బ్రేక్ ఆయిల్ తిరుగుతూ ఉండదు. పెడల్ తొక్కితే పైపులో ఆయిల్ కొద్దిగా ముందుకి జరుగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. నువ్వు పైన డబ్బా ఎన్నిసార్లు మార్చినా క్యాలిపర్‌లో, డ్రమ్ము లోపల షూలని (బ్రేకు లైనర్లుండే ముక్కలని) నెట్టే వీల్ సిలిండర్‌లో ఉన్న పాతది అక్కడే ఉంటుంది. ఎక్కువ వేడెక్కేదీ, ముందు మరిగేదీ అదే. పైన రంగు బాగుంటే లోపల కూడా బాగుందన్న ధైర్యం వస్తుంది చూడు, అది మంచిది కాదు. సిరంజి మొదటి మెట్టుగా వాడు, అక్కడితో ఆపకు.

డాట్ సంగతి: డబ్బా మూత మీద రాసి ఉంటుంది, ముందు అది చదవండి. డాట్ 3 అని ఉన్న బండిలో డాట్ 4 పోయొచ్చు, రెండూ ఒకే జాతివి, కలిసినా నష్టం లేదు. మీరు ఘాట్‌కి వెళ్తున్నారు కాబట్టి నేనైతే డాట్ 4 పోస్తాను. డాట్ 5.1 కూడా ఇదే జాతి. ఒట్టి డాట్ 5 మాత్రం వేరే, అది సిలికాన్ ఆయిల్, మన బండ్లకి వద్దు. అరలీటరు సీసాలు రెండు తీసుకోండి. మీ బండికి ఒకటి దాదాపు సరిపోతుంది గానీ మధ్యలో చాలకపోతే బజారుకి పరిగెత్తాల్సి వస్తుంది. సీలు విప్పని సీసాయే కొనండి. షాపులో సగం వాడి పక్కన పెట్టింది తక్కువకి ఇస్తానన్నా తీసుకోవద్దు, మన గాలికి అది అప్పటికే తేమ పట్టేసి ఉంటుంది.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. నిపుల్‌కి సరిపడే రింగ్ పానా కావాలి, 8 గానీ 10 గానీ అవుతుంది. డబుల్ ఎండ్ పానా వద్దు, తుప్పు పట్టిన నిపుల్ మూలలు అరిగిపోతాయి. నిపుల్ మీద బిగుతుగా కూర్చునే, అవతలి వైపు కనిపించే సన్న పైపు ఒకటి. అక్వేరియం షాపులో దొరికేది బాగా పనికొస్తుంది. ఒక గాజు సీసా, సిరంజి, పోగులు ఊడని శుభ్రమైన గుడ్డ, బకెట్టు నీళ్ళు. ఈ ఆయిల్ పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, పడిన వెంటనే నీళ్ళు పోసి కడిగేయండి. కళ్ళలో పడకుండా అద్దాలు పెట్టుకోండి. పెట్రోలు, కిరసనాయిలుతో దేన్నీ తుడవకండి. ఇంజన్ ఆయిల్ చుక్క కూడా ఇందులో కలవకూడదు, సీళ్ళు ఉబ్బిపోతాయి, తర్వాత మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి తోసేది) నుంచి అన్నీ మార్చుకోవాలి.

బండి లేపడం దగ్గర జాగ్రత్త. మన నేల మెత్తన, లంక మట్టి అయితే మరీను. సిమెంటు గచ్చు మీద పెట్టండి, లేకపోతే జాకీ కింద మందమైన తాటిచెక్క వేయండి. లేపాక జాకీ స్టాండ్ల మీద దింపాలి. ఇటుకలు పేర్చి నిలబెట్టేవాళ్ళని చూశాను, ఇటుక ముందుగా చెప్పి పగలదు. వెనక లేపినప్పుడు ముందు చక్రాలకి, ముందు లేపినప్పుడు వెనక చక్రాలకి రెండు పక్కలా అడ్డు పెట్టండి. ఒక్క జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరూ చెయ్యి కూడా పెట్టకూడదు, మీ బావమరిదికి గట్టిగా చెప్పండి.

పని మొదలుపెట్టే ముందు డబ్బా చుట్టూ దుమ్ము తుడిచి, సిరంజితో పాత ఆయిల్ లాగండి. అడుగున ఉన్న రంధ్రాలు బయటపడేదాకా లాగొద్దు, కొంచెం ఉంచి కొత్తది పైదాకా పోయండి. ఇప్పుడు నల్లది పైపుల్లోకి తోయక్కర్లేదు, నేరుగా కొత్తదే దిగుతుంది.

వరుస: మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం ముందు. మన బండ్లకి అది కుడివైపు ఉంటుంది కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మీ బండి పుస్తకంలో వేరే వరుస ఉంటే అదే పాటించండి.

వెనక డ్రమ్ముకి నిపుల్ లోపలి వైపు, బ్యాక్ ప్లేట్ మీద ఉంటుంది. వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, ముందు పానా ఎక్కించి తర్వాత పైపు తొడగండి. పైపు రెండో కొస సీసాలో కొంచెం పోసిన కొత్త ఆయిల్‌లో మునిగి ఉండాలి. బావమరిది సీట్లో కూర్చోవాలి, ఇంజన్ ఆఫ్‌లో ఉండాలి. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెట్టండి. ఇది చాలామంది చెప్పరు. పాత బండిలో మాస్టర్ సిలిండర్ పిస్టన్ రోజూ వెళ్ళే దూరం వరకే లోపల నునుపుగా ఉంటుంది, అవతల తుప్పు గరుకు ఉంటుంది. నేల దాకా తొక్కితే సీళ్ళు ఆ గరుకు మీదికి వెళ్ళి చిరుగుతాయి. అలా తొక్కీ తొక్కీ బాగున్న మాస్టర్ సిలిండర్‌ని పాడుచేసుకుని మా దగ్గరికి వచ్చినవాళ్ళు ఉన్నారు.

ఇద్దరి మధ్య మాటలు ముందే ఖాయం చేసుకోండి. మీరు "తొక్కు" అంటారు. అతను నెమ్మదిగా తొక్కి, అలాగే బలం ఉంచి "పట్టుకున్నా" అంటాడు. అప్పుడు మీరు నిపుల్ పావు చుట్టు తిప్పుతారు. ఆయిల్ సీసాలోకి వస్తుంది, అతని కాలి కింద పెడల్ దిగుతుంది. దిగుతుంటే భయపడి కాలు తీయకూడదు. ధార తగ్గేలోపు మీరు నిపుల్ బిగించి "వదులు" అంటారు. అది విన్నాకే కాలు పైకి రావాలి. గాలి పట్టేది సరిగ్గా ఇక్కడే. నిపుల్ తెరిచి ఉండగా పెడల్ పైకి లేస్తే బయటి గాలి లోపలికి పోతుంది. ఈ ఒక్కటీ తప్పకుండా చేస్తే గాలి పట్టడానికి ఇంకొక దారే ఉంది, పైన డబ్బా ఖాళీ అవడం. నాలుగైదు తొక్కులకోసారి లేచి డబ్బా చూడండి. మూడో మనిషి ఉంటే అదొక్కటే పని అప్పగించండి. మా షెడ్డులో కొత్త కుర్రాళ్ళకి మొదట ఇచ్చే పని ఇదే.

లేత రంగు ఆయిల్, బుడగలు లేకుండా వచ్చేదాకా అదే చక్రం దగ్గర ఉండండి. వెనకవి పైపు పొడవు కాబట్టి ఎక్కువసేపు పడుతుంది, తొందరపడొద్దు. అయ్యాక నిపుల్ బిగించండి గానీ చేతిలో బలమంతా పెట్టకండి, చిన్న మర అది, తెగుతుంది. నీళ్ళతో కడిగి తుడిచి రబ్బరు టోపీ పెట్టండి. టోపీ లేకపోతే కొత్తది కొనండి. మీ ఊరి ఉప్పుగాలికి టోపీ లేని నిపుల్ మళ్ళీ రెండేళ్ళకి కదలదు.

అంతా అయ్యాక ఇంజన్ ఆఫ్‌లోనే పెడల్ కొన్నిసార్లు తొక్కి, గట్టిపడ్డాక అరనిమిషం బలంగా నొక్కి పట్టుకోండి. కిందికి జారకూడదు. అలా నొక్కి ఉంచే ఇంజన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం దిగుతుంది, అది బూస్టర్ (ఇంజన్ నడుస్తుంటే కాలి బలానికి సాయం చేసేది) పని, మామూలే. నాలుగు నిపుళ్ళ దగ్గరా తడి ఉందేమో చూసి, ముందు వాకిట్లోనే నడక వేగంలో బ్రేకు పట్టి చూడండి. తర్వాతే రోడ్డు.

గట్టుమీదబండి (రావులపాలెం) జవాబు:

తణుకు అన్నగారు బాగా చెప్పారు, కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. ఇంజన్ ఆయిల్ తప్పు పోస్తే బండి ఆగిపోతుంది. బ్రేకులో తప్పు చేస్తే బండి ఆగదు. పిల్లల్ని తీసుకుని ఘాట్‌కి వెళ్ళే మనిషి మొదటిసారి నేర్చుకునే పని ఇదేనా? వర్క్‌షాప్‌లో ఇస్తే వాళ్ళ బాధ్యత ఉంటుంది. దగ్గరుండి చేయించుకోమనండి.

తణుకు_షెడ్డు జవాబు:

మీ భయం న్యాయమైనదే, తీసిపారేయను. దగ్గరుండి చేయించుకోగలిగితే అదీ మంచి దారే. కానీ పోసింది కొత్త సీసానా, నాలుగు చక్రాలకీ తీశారా, పైన మార్చి పంపేశారా అన్నది దగ్గర లేకపోతే తెలియదు. ఇంట్లో చేసే మనిషి తన పిల్లల కోసం చేస్తాడు, తొందర ఉండదు.

హద్దు మాత్రం చెబుతాను. నిపుల్ తెగినా, ఎక్కడైనా పైపు తుప్పు పట్టి తడిగా కనిపించినా, రబ్బరు హోసు మీద పగుళ్ళున్నా, పెడల్ మునుపటికంటే మెత్తగా ఉండి ఎందుకో అర్థం కాకపోయినా, అక్కడితో ఆపేసి మెకానిక్‌ని ఇంటికి పిలిపించాలి. ఆ బండిని తోలుకుంటూ షెడ్డుకి తీసుకురాకూడదు. ఇంకోటి, ప్రయాణం ముందు రోజు ఈ పని పెట్టుకోవద్దు. చేశాక కొన్నాళ్ళు రాజోలు, పాలకొల్లు తిరిగి, డబ్బాలో మట్టం దిగలేదని చూసుకున్నాకే కొండెక్కండి.

కాకినాడ_పోర్టురోడ్డు అడిగారు:

ఇదే చర్చలో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నాది 2021 బండి, ఏబీఎస్ (బ్రేకు గట్టిగా పట్టినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉంది. ఇంట్లో చేయొచ్చా? పెడల్ తొక్కడానికి మనిషి కూడా లేరు.

తణుకు_షెడ్డు జవాబు:

2019 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది కాబట్టి ఈ ప్రశ్న ఇకమీద అందరిదీ. ఒట్టి ఆయిల్ మార్చడానికైతే ఇదే పద్ధతి పనిచేస్తుంది, వరుస మాత్రం మీ పుస్తకంలో చూసుకోండి. డబ్బా ఖాళీ అయి ఏబీఎస్ బ్లాకులోకి గాలి వెళ్తే మాత్రం కాలితో తొక్కితే రాదు. స్కానర్ పెట్టి లోపలి పంపుని, వాల్వులని తిప్పాల్సి వస్తుంది. అందుకని మీరు డబ్బా విషయంలో రెండింతలు జాగ్రత్తగా ఉండాలి.

మనిషి లేకపోతే పైపు తొడిగి నిపుల్ తెరిచి వదిలేయండి, డబ్బా ఎత్తులో ఉంటుంది కాబట్టి దానంతట అదే చుక్కలు చుక్కలుగా దిగుతుంది. బాగా నెమ్మది, కానీ నమ్మకమైనది. పక్కనే ఉండి డబ్బా నింపుతూ ఉండాలి. చేతి వాక్యూమ్ పంపుతో లాగితే మాత్రం బుడగలు ఆగకుండా వస్తాయి. అవి చాలాసార్లు లోపలివి కావు, నిపుల్ మర చుట్ల సందులోంచి బయటి గాలి వస్తుంది. అది చూసి సీసాల కొద్దీ ఆయిల్ పారబోయకండి.

ఉప్పుగాలి జవాబు:

తణుకు అన్నయ్యగారూ, మీరు చెప్పినట్టే మొదలుపెట్టాం. మా చెల్లి డబ్బా దగ్గర నిలబడింది. వెనక ఎడమ నిపుల్ అసలు కదల్లేదు, బలవంతం చేయకుండా వదిలేశాం. మిగతా మూడూ అయ్యాయి, లేత రంగు ఆయిల్ వచ్చింది, బుడగలు లేవు. కానీ ఇప్పుడు పెడల్ మొదటి తొక్కుకి మునుపటికంటే కిందికి వెళ్తోంది. వెంటనే రెండోసారి తొక్కితే పైనే గట్టిగా ఆగుతోంది. గాలి పట్టేసిందా? బండి కదపలేదు, అలాగే ఉంచాం.

తణుకు_షెడ్డు జవాబు:

కదపకపోవడం చాలా మంచి పని చేశారు. ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం.

పెడల్ చెప్పేది మూడు రకాలుగా ఉంటుంది. తొక్కుతుంటే స్ప్రింగులా మెత్తగా వెళ్ళి, ఎన్నిసార్లు తొక్కినా కాలి కింద ఆ మెత్తదనం మిగిలే ఉంటే లోపల గాలి ఉన్నట్టు. గట్టిగా ఆగి, బలం ఉంచితే నెమ్మదిగా కిందికి జారుతుంటే, బయట ఎక్కడా కారడం లేకపోతే, మాస్టర్ సిలిండర్ సీళ్ళు పోయినట్టు. మొదటిసారి కిందికి వెళ్ళి, రెండో తొక్కుకి పైన రాయిలా ఆగితే చాలావరకు వెనక డ్రమ్ముల్లో షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు ఎక్కువైందని అర్థం. మొదటి తొక్కు ఆయిల్ ఆ సందు పూడ్చడానికే పోతుంది, రెండోసారి షూలు దగ్గరగా ఉంటాయి కాబట్టి వెంటనే పడుతుంది. గాలి ఉన్నా రెండో తొక్కుకి కొంత మెరుగవుతుంది, కానీ అలా రాయిలా ఆగదు. మీరు రాసినదాన్నిబట్టి నాకు మూడోదే అనిపిస్తోంది. హ్యాండ్ బ్రేకు మునుపటికంటే ఎక్కువ పళ్ళు పైకి వస్తోందా చూడండి. వస్తుంటే అనుమానం బలపడినట్టే.

డ్రమ్ము ఊడదీసి షూల మధ్య ఉండే అడ్జస్టర్ చూడండి. అది తనంతట తనే సర్దుకోవాలి, మీ వైపు తేమకి తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. డ్రమ్ము విప్పాక ఎవరూ పెడల్ తొక్కకూడదు, వీల్ సిలిండర్ పిస్టన్లు బయటికి దూకేస్తాయి. లోపలి దుమ్ము నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. వీల్ సిలిండర్ రబ్బరు అంచు మెల్లగా లేపి చూడండి. తడిగా ఉంటే కారుతున్నట్టే, మార్చాలి.

ఇక కదలని నిపుల్. చొచ్చుకుపోయే తుప్పు స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. షూల మీద, డ్రమ్ము లోపల మాత్రం పడనివ్వద్దు. మర్నాడు ఆరు మూలల సాకెట్ పెట్టి, ముందు విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక్క రవ్వ కదిలించండి. తుప్పు పట్టు తెగేది అప్పుడే. చిన్న సుత్తితో నిపుల్ తల మీద మెల్లగా తట్టండి. మంట పెట్టొద్దు, పక్కనే రబ్బరు ఉంది. అప్పటికీ రాకపోతే వీల్ సిలిండర్ మొత్తం మార్పించండి. అది పెద్ద ఖరీదైన భాగం కాదు, తెగిన నిపుల్‌తో కుస్తీ పట్టేకంటే అదే నయం. ఆ పని చేస్తే లైను విప్పినట్టే కాబట్టి ఆ చక్రానికి గాలి మళ్ళీ మొదటి నుంచి తీయాలి. మూడు చక్రాలకి మార్చాం కదా, చాలులే అని మాత్రం కొండెక్కకండి.

గట్టుమీదబండి జవాబు:

ఎవరైనా ముందు క్యాలిపర్లు విప్పి కడిగి పెట్టుకుంటే ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేసేయకండి. అలా వేస్తే నిపుల్ కిందికి వస్తుంది. గాలి పైనే ఉండిపోయి, ఎంత తీసినా పెడల్ రాదు. మా ఊళ్ళో ఒక బండికి ఇలాగే అయింది. నిపుల్ ఎప్పుడూ పైవైపే ఉండాలి.

తణుకు_షెడ్డు జవాబు:

చాలా మంచి మాట గుర్తు చేశారు. దీనికి తల బద్దలు కొట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఉప్పుగాలి జవాబు:

అన్నయ్యగారూ, మీరు చెప్పిందే నిజమైంది. వెనక రెండు వైపులా అడ్జస్టర్లు తుప్పుతో బిగుసుకుపోయి ఉన్నాయి. ఎడమ వీల్ సిలిండర్ రబ్బరు లేపితే లోపల తడి ఉంది, నిపుల్ కూడా రాలేదు. హద్దు దాటొద్దన్నారు కదా అని మా మెకానిక్‌ని ఇంటికే పిలిచాం. కొత్త సిలిండర్ వేసి, అడ్జస్టర్లు విడదీసి శుభ్రం చేసి ఇచ్చాడు. గాలి మాత్రం మేమే తీశాం, అతను పక్కన నిలబడి చూశాడు. పెడల్ కింద చెక్క ఎందుకో అడిగి తెలుసుకున్నాడు. ఇప్పుడు మొదటి తొక్కుకే పైన ఆగుతోంది, అరనిమిషం పట్టుకున్నా జారట్లేదు. హ్యాండ్ బ్రేకు కూడా తొందరగా పడుతోంది.

రెండు సందేహాలు మిగిలాయి. ఈ పాత ఆయిల్ ఏం చేయాలి? ఘాట్‌లో ఏదైనా తేడా వస్తే ఏం చేయాలి?

తణుకు_షెడ్డు జవాబు:

చాలా సంతోషం. తడి ఉన్న సిలిండర్ దొరకడమే ఈ పని వల్ల మీకు జరిగిన అసలు మేలు.

పాత ఆయిల్ కాలవలో గానీ చెరువు గట్టున గానీ పోయకండి. కొబ్బరి మొదట్లో పోసేవాళ్ళు కూడా ఉన్నారు, వద్దు. ఇది విషం, మనుషులకీ పశువులకీ కూడా. కూల్‌డ్రింక్ సీసాలో అసలు పోయొద్దు, పిల్లలు తాగుతారు. గట్టి మూత ఉన్న డబ్బాలో పోసి, మీద "పాత బ్రేక్ ఆయిల్" అని రాసి, వేస్ట్ ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌లో ఇవ్వండి. ఇంజన్ ఆయిల్‌తో కలపకుండా విడిగా ఇవ్వండి. మిగిలిన కొత్త సీసా సీలు విప్పి ఉంటే దాచుకోకండి, అదీ అందులోనే. సీలు విప్పని రెండో సీసా ఉంటే బండిలో పెట్టుకోండి.

ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, మీ బండికి చాలా చోట్ల రెండో గేరు అవుతుంది. న్యూట్రల్ వేయొద్దు, ఇంజన్ ఆపొద్దు. ఇంజన్ ఆపితే బూస్టర్ సాయం పోతుంది. బ్రేకు మీద కాలు ఊరికే ఆనించి ఉంచకుండా, గట్టిగా పట్టి వేగం తగ్గించి వదిలేయండి, మళ్ళీ పట్టండి. మధ్యలో చల్లారే వ్యవధి దొరుకుతుంది. పెడల్ మెత్తబడినట్టు కొంచెం అనిపించినా, కాలిన వాసన వచ్చినా, వెడల్పున్న చోట పక్కకి ఆపి చల్లారనివ్వండి. నీళ్ళు పోయకండి, డిస్కులు వంకర పోతాయి. ఒకవేళ పెడల్ కిందికి వెళ్ళిపోతే గబగబా మళ్ళీ మళ్ళీ తొక్కండి, కొంత ఒత్తిడి దొరుకుతుంది. గేరు తగ్గించండి. హ్యాండ్ బ్రేకు తీగతో పనిచేసేది కాబట్టి ఆయిల్‌తో సంబంధం లేదు, బొత్తాం నొక్కి పట్టుకుని కొంచెం కొంచెంగా లాగండి, ఒక్కసారి లాగితే వెనక చక్రాలు జారతాయి.

బయల్దేరే ముందు డబ్బా మట్టం మరోసారి చూసుకోండి. ఇప్పటి గీత దగ్గర చిన్న గుర్తు పెట్టుకుంటే మేలు. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం నెమ్మదిగా తగ్గడం మామూలే, దాన్ని చూసి పైన పోస్తూ ఉండక్కర్లేదు. కొద్ది రోజుల్లోనే తగ్గితే మాత్రం వెనక ఎడమ చక్రం లోపలి వైపు ముందు చూడండి, కొత్త సిలిండర్ వేసింది అక్కడే.